టి206 బేస్‌బాల్ కార్డు మీద చుక్కలు ఉంటే అది నకిలీదేనా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. పిట్స్‌బర్గ్ శివార్లలో ఒక పాత ఇంటి సామాన్లు అమ్ముతుంటే, చుట్టల డబ్బాలో బొత్తాలు, నాణేల మధ్య మీకు ఒక చిన్న బేస్‌బాల్ కార్డు దొరికింది. ముందు వైపు పిట్స్‌బర్గ్ ఆటగాడి బొమ్మ, వెనుక నీలం రంగులో పీడ్‌మాంట్ సిగరెట్ల ప్రకటన. భూతద్దం పెట్టి చూస్తే ముఖం మీద చుక్కలు కనిపించాయి. రాతి అచ్చులో (లితోగ్రఫీలో) చుక్కలు ఉండవని, ఉంటే అది ఈ మధ్య తీసిన నకలేనని ఒక మిత్రుడు తేల్చేశాడు. దానికి తోడు ఊరి పేరులో చివరి హెచ్ అక్షరం లేదు. కార్డు అసలుదేనా, ఆ రోజుల్లో ఇన్ని రంగులు ఎలా వేసేవారు అన్నవి మీ ప్రశ్నలు.

హెచ్ సంగతి వెంటనే తేల్చేయవచ్చు. 1891 నుంచి 1911 వరకు అమెరికా ప్రభుత్వ రికార్డుల్లో ఆ ఊరి పేరును హెచ్ లేకుండా రాసేవారు. మీకు దొరికినలాంటివి, అంటే సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన టి206 అనే వరుస కార్డులు, 1909–1911 మధ్య వచ్చాయి. కాబట్టి మీ కార్డు మీద ఉన్న వర్ణక్రమం ఆ కాలానికి సరైనదే. అయితే నకలు తీసేవాడు కూడా అసలును ఎదురుగా పెట్టుకునే తీస్తాడు కనుక, దీన్ని అసలు కార్డు అనడానికి సాక్ష్యంగా పట్టుకోకండి.

చుక్కల విషయానికి కొంచెం ఓపిక కావాలి. మీ మిత్రుడు చెప్పిన మాట చాలామంది నమ్మేదే. పదిహేనేళ్ల కిందట ఒక పాత వస్తువుల సంతలో నేనూ అదే నమ్మి, చుక్కలు కనిపించాయని ఒక మంచి కార్డును తిరిగి బల్ల మీద పెట్టేసి వచ్చాను. అప్పటికి నేను హైదరాబాదులో ఇరవై ఏళ్లకు పైగా ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో ఫిల్ములు, ప్లేట్లు చేసినవాణ్ని. నాలుగు రంగుల చుక్కలంటే నాకు కొట్టిన పిండి. అయినా ఆ కార్డు మీద ఉన్న చుక్కలు వేరే జాతివని నాకు అప్పుడు తెలియదు. అమెరికా వచ్చాక ఒక స్టూడియోలో రాతి మీద బొమ్మ గీసి అచ్చు తీయడం నేర్చుకున్న తర్వాతే అది అర్థమైంది. అందుకే ముందు పద్ధతి చెబుతాను. పద్ధతి తెలిస్తే భూతద్దంలో ఏం చూడాలో మీకే తెలుస్తుంది.

రాతి అచ్చును 1796 ప్రాంతంలో బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టాడు. అక్షరాల అచ్చులో సిరా అంటే భాగం ఎత్తుగా ఉంటుంది, రాగి రేకు మీద చెక్కిన అచ్చులో గీత లోతుగా ఉంటుంది. రాతి అచ్చులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. బొమ్మ, ఖాళీ జాగా రెండూ ఒకే మట్టంలో ఉంటాయి. పని మొత్తం నీటికీ జిడ్డుకూ పడకపోవడం మీదే నడుస్తుంది. ఇందుకు బవేరియాలోని జోల్న్‌హోఫెన్ సున్నపురాయి బాగా పేరుపడింది. లేత పసుపు, బూడిద రంగుల్లో, పలక మీద చేయి వేసినంత నునుపుగా ఉంటుంది. ముందు ఇసుకతోనో కార్బోరండం పొడితోనో నీళ్లు పోస్తూ ఆ రాయిని నూరుతారు. పాత బొమ్మ పూర్తిగా పోయి, కొత్త బొమ్మను పట్టుకునే సన్నని గరుకు వచ్చేదాకా నూరాలి. తర్వాత మైనం, కొవ్వు, సబ్బు, మసి కలిపి చేసిన జిడ్డు పెన్సిలుతోనో, అదే గుణమున్న సిరాతోనో రాయి మీద బొమ్మ గీస్తారు. ఆ జిడ్డు రాతిలోని సున్నంతో కలిసిపోతుంది. దాని మీద తుమ్మజిగురులో కొద్దిగా నత్రికామ్లం కలిపి పూస్తారు. దాంతో గీత లేని చోటల్లా రాయి నీటిని పట్టి ఉంచుకోవడానికి సిద్ధమవుతుంది. ఇక తడి గుడ్డతో తుడిచి సిరా రోలరును నడిపితే, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోట అంటుకుంటుంది. కాగితం పెట్టి ప్రెస్సులో ఒత్తిడి ఇస్తే బొమ్మ దాని మీదకు వస్తుంది. రాయి నుంచి నేరుగా కాగితం మీదకు వచ్చే అచ్చు కాబట్టి రాతి మీద బొమ్మనూ అక్షరాలనూ అద్దంలో చూసినట్టు తిప్పి ఉంచాలి.

నా మొదటి రాయి అచ్చు తీసినప్పుడు బొమ్మ పక్కన నా అరచేతి అంచు ముద్ర కూడా వచ్చింది. గీస్తున్నప్పుడు చేయి ఆనించాను, చర్మం మీది జిడ్డును రాయి పట్టుకుంది. రాయి అంత సూక్ష్మంగా గుర్తు పెట్టుకుంటుంది. అందుకే ఆ పని చేసేవారు రాయికి తగలకుండా అడ్డంగా ఒక చెక్క వంతెన పెట్టుకుని, దాని మీద చేయి ఆనించి గీసేవారు.

ఇంతవరకు ఒక్క రంగు. రంగుల రాతి అచ్చుకు 1837లో ఫ్రాన్సులోని మ్యులూజ్‌కు చెందిన గోడెఫ్రాయ్ ఎంగెల్మన్ పేటెంటు తీసుకున్నాడు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. 19వ శతాబ్దం చివరికి అమెరికాలో పండ్ల డబ్బాల లేబుళ్ల నుంచి క్రిస్మస్ కార్డుల దాకా అంతా ఈ పద్ధతే. మన దగ్గర కూడా 1894లో రాజా రవివర్మ బొంబాయిలో పెట్టిన ప్రెస్సు, జర్మనీ నుంచి యంత్రాలనూ పనివారినీ తెప్పించుకుని, ఈ పద్ధతిలోనే లక్ష్మీ సరస్వతుల పటాలను అచ్చువేసింది. మీ తాతగారి ఇంట్లో అలాంటి పాత పటం ఇంకా ఉంటే దాన్ని కూడా ఒకసారి భూతద్దంతో చూడండి. మీ కార్డు మీద చూసిన చుక్కలకు దగ్గరి చుట్టాలు అక్కడ కనిపిస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. మా ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో ఫోటోను రంగులుగా విడదీసే పని కెమెరాది, ఫిల్టర్లది. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు: ఈ నాలుగింటితో లోకంలోని రంగులన్నీ వస్తాయని లెక్క. 1909లో ఈ కార్డులు చేసిన న్యూయార్క్‌లోని అమెరికన్ లితోగ్రాఫిక్ కంపెనీలో ఆ పని మనిషి కంటిది. అతనికి ఇచ్చేది నలుపు తెలుపు ఫోటో. పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డుకు ఆధారం బాస్టన్ ఫోటోగ్రాఫరు కార్ల్ హార్నర్ తీసిన ఫోటో. అందులో రంగు లేదు. చొక్కా మీద అక్షరాలు ఏ రంగు, బుగ్గ మీద ఎరుపు ఎంత, వెనుక ఆకాశం నారింజ నుంచి నీలానికి ఎక్కడ మారాలి అన్నవన్నీ కళాకారుడు నిర్ణయించేవే. టై కాబ్ అనే ఆటగాణ్ని ఒక కార్డులో ఆకుపచ్చ నేపథ్యం మీద, మరో కార్డులో ఎర్రటి నేపథ్యం మీద చూపించగలిగింది అందుకే.

ముందు బొమ్మ హద్దులన్నీ సన్నని గీతలతో ఒక రాయి మీద గీస్తారు. దాని అచ్చులు తీసి, వాటి మీద జిడ్డు లేని రంగు పొడి చల్లి, మిగతా రాళ్ల మీద ఒత్తుతారు. ఆ పొడి గుర్తు కంటికి కనిపిస్తుంది, అచ్చులో మాత్రం రాదు. దాన్ని చూసుకుంటూ పసుపు ఉండాల్సిన చోట్లు ఒక రాయి మీద, లేత గులాబీ మరో రాయి మీద, ఎరుపు ఇంకొక దాని మీద, లేత నీలం, ముదురు నీలం, గోధుమ, నలుపు, ఇలా విడివిడిగా గీస్తారు. టి206 ముందు వైపున ఆరు రంగులకు తగ్గకుండా వాడేవారు. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. ఏ రంగు రాయి అయినా గీసే సిరా మాత్రం నల్లగానే ఉంటుంది. పసుపు రాయి మీద కూడా కళాకారుడికి కనిపించేది నల్లని బొమ్మే. ఇక్కడ ఇంత నలుపు పెడితే, రోలరు మీదకు పసుపు ఎక్కాక, దాని మీద గులాబీ పడ్డాక, బుగ్గ ఈ ఛాయలో వస్తుంది అని అతను మనసులోనే చూడాలి. ఏడెనిమిది రాళ్ల మీద ఏడెనిమిది సార్లు అలా ఊహించి గీసినవాడి పేరు ఒక్క కార్డు మీద కూడా లేదు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

చుక్కలు వచ్చేది ఇక్కడే. రాయికి లేత, ముదురు తేడా లేదు. సిరా అంటితే పూర్తిగా అంటుతుంది, లేకపోతే లేదు. బుగ్గ మీద గులాబీ మెల్లగా పలచబడాలంటే చుక్కలను దూరం దూరంగా పెట్టడమే దారి. కొన్నిచోట్ల కలంతో ఒక్కో చుక్కా చేత్తో పెట్టేవారు. విశాలమైన జాగాలకు బెన్‌డే తెరలు వాడేవారు. అమెరికాకు చెందిన బెంజమిన్ డే 1879లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. చుక్కలు ఉబ్బెత్తుగా ఉన్న పల్చని తెరకు సిరా పూసి రాయి మీద ఒత్తితే, కావలసిన జాగాలో చుక్కలు వరుసగా పడతాయి. ఎక్కడ ఏ తెర ఒత్తాలి, ఎంత ముదురుగా ఒత్తాలి అన్నది అప్పుడు కూడా మనిషి నిర్ణయమే.

అందువల్ల పాత రాతి అచ్చులో చుక్కలు ఉంటాయి, ధారాళంగా ఉంటాయి. ఒకచోట గుంపుగా, ఒకచోట పలచగా, ఒక పరిమాణంలో లేకుండా, ముఖం వంపును అనుసరిస్తూ నడుస్తాయి. కొన్ని జాగాల్లో అసలు చుక్కే ఉండదు, రంగు ముద్దగా పరుచుకుని ఉంటుంది. ఈ కాలపు ఆఫ్‌సెట్ నకలులో అలా కాదు. నాలుగు రంగుల చుక్కలూ నాలుగు వేర్వేరు కోణాల్లో తిప్పిన జల్లెడల్లా ఒకదాని మీద ఒకటి పడి, చిన్న చిన్న పూల రేకుల ఆకారం తయారవుతుంది. ఆకాశం, చొక్కా, ముఖం, పేరు, చివరికి తెల్లని అంచు మీద పాతబడినట్టు చూపించే మచ్చ కూడా ఆ ఒకే అల్లికలో ఉంటాయి. ఇంక్‌జెట్ ప్రింటరు నకలైతే పూల ఆకారం ఉండదు, సన్నని సిరా తుంపరలు చల్లినట్టు ఉంటుంది. దాన్ని చూసి రాతి అచ్చు చుక్కలని మోసపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ముఖం దగ్గర ఆగిపోకండి.

ముఖం వదిలి నేరుగా పేరు దగ్గరకు వెళ్లండి. టి206 కింద ఆటగాడి పేరు, ఊరి పేరు గోధుమ రంగు సిరాతో ఉంటాయి. అసలు కార్డులో ఆ అక్షరాలు ఒకే ముద్ద సిరా. పది రెట్లు పెంచినా, ముప్పై రెట్లు పెంచినా అక్షరం నిండుగా ఉంటుంది, అంచు ఒకే గీతగా ఉంటుంది. నకలు తీసేవాడు అసలు కార్డును స్కాన్ చేస్తాడు. స్కాన్‌కు అక్షరమైనా ముఖమైనా ఒకటే, అన్నిటినీ నాలుగు రంగుల చుక్కలుగా విడగొడుతుంది. అప్పుడు గోధుమ రంగు అక్షరం లోపల మెజెంటా, పసుపు, సయాన్ రేణువులు కనిపిస్తాయి, అంచు రంపపు పళ్లలా ఉంటుంది. నాకు ఒక్క చోటే చూసే అవకాశం ఇస్తే నేను చూసేది ఆ పేరునే. వెనుక వైపున పీడ్‌మాంట్ నీలం కూడా అంతే. ఒకే సిరా, నిండు గీతలు. అక్కడ నీలంలో మరో రంగు చుక్క కనిపించిందంటే ఇక ఆలోచించాల్సింది లేదు.

తర్వాత రంగుల అంచులు చూడండి. పెద్ద సంఖ్యలో అచ్చు వేయడానికి చిన్న బొమ్మను ఒక్కదాన్నే ప్రెస్సుకు ఎక్కించరు. గీసిన రాయి నుంచి జిగురు పూసిన ప్రత్యేక కాగితం మీదకు చాలా అచ్చులు తీసి, వాటిని పెద్ద రాయి మీద వరుసలుగా దించుతారు. 1909 నాటికి పెద్ద ప్రెస్సుల్లో రాళ్లతోపాటు జింకు, అల్యూమినియం రేకులు కూడా వాడుకలోకి వచ్చాయి, పనిచేసే సూత్రం మాత్రం అదే. ఆ పెద్ద కాగితం ఒక్కో రంగుకు ఒక్కోసారి ప్రెస్సులోకి వెళ్లి రావాలి. మధ్యలో గాలి తేమను బట్టి కాగితం వెంట్రుకవాసి సాగినా, ముడుచుకున్నా రంగు పక్కకు జరుగుతుంది. మా ప్రెస్సుల్లో దాన్నే రిజిస్ట్రేషన్ పోయింది అంటాం. అసలు కార్డుల్లో పెదవుల ఎరుపు కొంచెం పక్కకు జారడం, టోపీ అంచున పసుపు తొంగిచూడడం మామూలు. నకలులో ఆ జారిన రంగు కూడా కనిపిస్తుంది కానీ, అది వేరే పొరగా ఉండదు, అదే చుక్కల అల్లికలో కలిసిపోయి ఉంటుంది.

ఈ పొరలు కళ్లకు కట్టేది తప్పు జరిగిన కార్డుల్లోనే. బాస్టన్ ఆటగాడు స్వీనీ కార్డుల్లో కొన్నిటికి చొక్కా మీద బి అక్షరం లేదు, ఎందుకంటే వాటి మీద ఎరుపు సిరా పడలేదు. స్నాడ్‌గ్రాస్ పేరులో మొదటి అక్షరం ఎగిరిపోయిన కార్డులున్నాయి. ఇలాంటివి సేకరించేవారికి ఖరీదైన వింతలు. ప్రెస్సులో పనిచేసినవాడిగా నాకు వాటిలో ఆ రోజు షిఫ్టులో ఏం జరిగిందో కనిపిస్తుంది. వాగ్నర్ యూనిఫాం జేబులో దొరికిందని చెప్పే ఐదు కార్డుల పట్టీ కూడా నాకు అలాంటి ఆస్తే. మోర్డికై బ్రౌన్, వాగ్నర్, బోవర్‌మన్, సై యంగ్, క్లింగ్ బొమ్మలు విడగొట్టకుండా పక్కపక్కనే ఉన్న ఆ ప్రూఫు (పరీక్ష అచ్చు) మీద కత్తిరింపు గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి.

కొలత కూడా చూడండి. టి206 సుమారు 1 7/16 అంగుళాల వెడల్పు, 2 5/8 అంగుళాల ఎత్తు ఉండాలి. సిగరెట్ పెట్టెలో పట్టడానికి, మెత్తని పెట్టె నలగకుండా దన్నుగా నిలవడానికి ఆ కొలత. పెద్ద కాగితం నుంచి కత్తిరించినవి కాబట్టి వెంట్రుకవాసి తేడా సహజం. మరీ చిన్నగా, అంచులు మరీ పదునుగా ఉంటే మాత్రం తర్వాత ఎవరో కత్తిరించారేమో అనుకోవాలి. ఒకప్పుడు వేన్ గ్రెట్జ్‌కీ యజమానిగా ఉన్న ప్రసిద్ధ వాగ్నర్ కార్డు అంచులను తానే కత్తిరించానని వేలంపాటల వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టు ముందు ఒప్పుకున్నాడు. మరో వాగ్నర్ కార్డు 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అంత డబ్బు తిరిగే చోట అందరి చేతులూ శుభ్రంగా ఉండవు.

చివరి పరీక్ష చీకటి గదిలో. అతినీలలోహిత కాంతి టార్చి తెచ్చి, మీ కార్డునూ ఒక కొత్త తెల్ల కాగితాన్నీ పక్కపక్కన పెట్టి వెలిగించండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాగితం తెల్లగా మెరవడానికి కొన్ని రసాయనాలు కలపడం మొదలైంది. అవి ఉన్న కాగితం నీలంగా వెలుగుతుంది. 1909 నాటి కాగితం మసకగా ఉండిపోతుంది. మీ కార్డు కొత్త కాగితంలా వెలిగితే అది పాతది కాదు. వెలగకపోతే, పాతది కావడానికి వీలుందని మాత్రమే అర్థం. ఆ రసాయనాలు లేని కాగితాలు ఇప్పుడూ దొరుకుతాయి.

ఈ గుర్తులన్నీ టి206కు చెప్పినవి. అన్ని పాత కార్డులకూ వర్తింపజేయకండి. కెమెరా తెరతో తీసిన హాఫ్‌టోన్ అచ్చు ఆ కాలంలోనూ ఉంది. 1912లో వచ్చిన హసాన్ మడత కార్డుల్లో రెండు పక్కల బొమ్మలు రంగుల రాతి అచ్చు, మధ్యలో ఆట దృశ్యం నలుపు తెలుపు హాఫ్‌టోన్. ఇంకా వెనక్కి వెళితే 1887 నాటి ఓల్డ్ జడ్జ్ కార్డులు అచ్చు కానే కావు, అట్ట మీద అతికించిన నిజమైన ఫోటోలు. అదే ఏడాది అలెన్ అండ్ గింటర్ కంపెనీ వేసిన కార్డులు మాత్రం చక్కటి రంగుల రాతి అచ్చు. 1911 నాటి బంగారు అంచు కార్డులు, అంటే టి205, ఇంకో కథ. ఆ రోజుల్లో బంగారు మెరుపుకు జిగట వార్నిషు అచ్చువేసి, ఆరకముందే కంచు పొడి చల్లి తుడిచేవారు. అందుకే ఆ అంచులు అంత సులువుగా రాలిపోయి కనిపిస్తాయి. టి అంటే 20వ శతాబ్దపు పొగాకు కార్డు అని ఈ సంకేతాలు పెట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌కు చెందిన జెఫర్సన్ బర్డిక్. ఆయన సేకరణ ఇప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. న్యూయార్క్ వెళ్లే పని పడితే అసలు కార్డులు ఎలా ఉంటాయో అక్కడ చూడండి. తెర మీద ఎన్ని ఫోటోలు చూసినా రాతి అచ్చు సిరా నిండుదనం తెలియదు.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. కార్డును తుడవకండి, నీళ్లలో నానబెట్టకండి. లితో సిరా నూనె సిరా కాబట్టి నీటికి కరగదు, పాత ఆల్బమ్ జిగురు వదిలించడానికి కొందరు నానబెడతారు కూడా. కానీ కాగితం ఉబ్బుతుంది, మూలలు విచ్చుకుంటాయి, నా అభిప్రాయంలో ఆ జిగురు మరకే కార్డుకు తక్కువ హాని. లామినేషన్ అసలే వద్దు. మెత్తని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, దాన్ని గట్టి తొడుగులో ఉంచి, ఎండ తగలని చోట పెట్టండి.

ఫోనుకు తగిలించే చిన్న మాక్రో లెన్సుతో నాలుగు ఫోటోలు తీసి పంపండి. ఊరి పేరులోని మొదటి రెండు అక్షరాలు, ఎడమ కన్నూ దాని కింద బుగ్గా, టోపీ అంచు నేపథ్యంతో కలిసే చోటు, వెనుక పీడ్‌మాంట్ పేరులో ఏదైనా ఒక అక్షరం. కిటికీ వెలుతురులో తీయండి, ఫ్లాష్ వద్దు. వెనుక వైపు పైన సబ్జెక్టుల సంఖ్య, అంటే ఆ విడతలో ఎన్ని బొమ్మలో చెప్పే అంకె, 150, 350 లాంటిది ఉంటుంది, కింద ఫ్యాక్టరీ నంబరు ఉంటుంది. ఆ రెండూ చూసి రాయండి. 150 అని ఉంటే మీ కార్డు 1909లో మొదలైన మొదటి విడతది.